పేషెంటు ఎలా ఉన్నారు?

మంగళవారం పొద్దున మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "మన మేడం పోయారు" అని వచ్చింది. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. సాయంత్రం చర్చి దగ్గర ఫ్లెక్సీ పెడదాం, ఫొటో ఉంటే పంపండి అని ఎవరో అడిగారు. మధ్యాహ్నం దాకా వెతికినా ఒక్కరి దగ్గరా లేదు. ఫేర్‌వెల్ రోజు తీసిన ఫొటోల్లో ముప్ఫై మందిమీ ఉన్నాం, ప్రిన్సిపాల్ ఉన్నారు, వాచ్‌మన్ కూడా ఒక మూల నవ్వుతూ ఉన్నాడు. ఆవిడ మాత్రం లేరు. ఆ ఫొటోలన్నీ తీసింది ఆవిడే. చివరికి ఒకతను ఎక్కడినుంచో ఒకటి పట్టుకొచ్చి పెట్టాడు. అందులో మైక్రోస్కోపు మీద వంగిన ఒక పాపిడి, రెండు చేతులు ఉన్నాయి. వేళ్ల కొసలు ఊదారంగులో ఉన్నాయి. మొహం కనపడకపోయినా, ఆ వేళ్లు చూసి మేడమే అని అందరం ఒప్పుకున్నాం.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మూడేళ్లూ మేడం అనే పిలిచాం, ఇప్పుడు కొత్తగా పేరెత్తితే ఎవరో వేరే మనిషి గురించి చెబుతున్నట్టుంటుంది. ఆవిడ చివరి ఐదు రోజులూ గుంటూరులోనే, నేను పనిచేసే చోటికి నాలుగు వీధుల అవతల, ఒక నర్సింగ్ హోంలో ఉన్నారు. నేను వెళ్లలేదు. తెలియక వెళ్లలేదు. తెలుసుకునే అవకాశం మాత్రం నా చేతిలోనే ఉంది. అది ఎలా జారిపోయిందో ఎవరికీ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మేం చదివింది బీఎస్సీ ఎంఎల్‌టీ. రక్తం, మూత్రం, కఫం, చీము పరీక్ష చేసే చదువు. మా క్లాసులో దీన్ని కోరుకుని చేరినవాళ్లు ఎవరూ లేరు. మెడిసిన్ రానివాళ్లం, ఫార్మసీ దొరకనివాళ్లం, నర్సింగ్ ఆడపిల్లల చదువని ఇంట్లో వద్దంటే మానుకున్నవాళ్లం. మా నాన్న పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర పనిచేసేవాడు. మీవాడు డాక్టరు చదువుతున్నాడా అని ఎవరైనా అడిగితే, కాదనటానికి నోరు రాక, "డాక్టరు పక్కన చదువు" అనేవాడు. ఆ పక్కన అనే మాట మా అందరి మొహాల మీదా రాసి ఉండేది.

అలాంటి మొహాలతో మొదటి ప్రాక్టికల్‌కి వెళ్లాం. బ్యాక్టీరియాలజీ ల్యాబ్‌లో ఆవిడ ఒక్కరే ఉన్నారు. నేత చీర, మీద తెల్లకోటు, చేతికి గాజుల్లేవు, వాచీ లేదు. ఒక్కొక్కరికీ, క్రిములు పెరగటానికి అగర్ అనే జిగురు పోసిన ప్లేటు ఇచ్చి, బొటనవేలు మెల్లగా ఆనించమన్నారు. అంతే, ఆ రోజు పాఠం అయిపోయింది. మర్నాడు వచ్చి చూస్తే ఒక్కొక్కరి వేలిముద్రలోనూ తెల్లవీ పసుప్పచ్చవీ చుక్కలు గుంపులుగా లేచి ఉన్నాయి. ఆడపిల్లలు చీదరించుకున్నారు. మేడం తన ప్లేటు కిటికీ వెలుగుకి ఎత్తి మాకు చూపించారు. దాని నిండా కూడా ఉన్నాయి.

"ఒక్కదాన్నే ఉంటానని మా చర్చిలో అందరూ జాలిపడతారు నాన్నా. చూడండి, ఎంతమందిమి ఉన్నామో" అన్నారు.

మేం పడీ పడీ నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు. అందరినీ నాన్నా అనేవారు, ఆడపిల్లల్ని కూడా. క్రిముల్ని వాడు, వీడు అనేవారు. "వీడు తీరుబడిగా వస్తాడు, రెండు రోజులు ఆగు", "వాడికి చోటు చాలదు, ప్లేటంతా పాకుతాడు" అంటూ, ఊళ్లో ఎరిగున్న మనుషుల సంగతి చెప్పినట్టే చెప్పేవారు.

వేళ్లకి ఆ ఊదారంగు స్లైడు మీద వేసే మొదటి రంగు వల్ల అంటుకున్నది. గ్లవ్స్ వేసుకోమని మమ్మల్ని వేపుకు తినేవారు, తను మాత్రం పాత అలవాటని వేసుకునేవారు కాదు. ఆదివారం చర్చిలో చెయ్యి చాపితే పిల్లలు "ఓట్లెప్పుడయినయ్ ఆంటీ?" అని అడిగేవారట. "ఒక్క వేలుకైతే ఓటు, పది వేళ్లకీ ఉంటే దొంగఓట్లు" అని తనమీద తనే వేసుకునేవారు.

ఇంకో తమాషా గొర్రె రక్తం. కొన్ని క్రిములకి ఉత్త అగర్ ఆనదు, రక్తం కలిపి పొయ్యాలి. రక్తం గడ్డకట్టకుండా గాజుపూసలు వేసిన ఫ్లాస్కులో పట్టి, ఆపకుండా తిప్పుతూ ఉండాలి. అటెండరు నేను పోనని మొండికేశాక, సోమవారం సోమవారం తెల్లారేసరికి ఆవిడే మాంసం కొట్టుకి వెళ్లేవారు. అక్కణ్ణించి కాలేజీ దాకా షేర్ ఆటోలో, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని గుండ్రంగా తిప్పుతూ వచ్చేవారు. ఒకసారి నేనూ అదే ఆటోలో ఉన్నాను. బుట్టతో ఎక్కిన ఒక పెద్దావిడ పక్కన కూర్చుని కాసేపు చూసింది.

"ఏందమ్మా అది, దానిమ్మ రసమా?"

"గొర్రె రక్తమండీ."

పెద్దావిడ బుట్టతో సహా డ్రైవరు పక్కకి మారిపోయింది. ఎదురుగా ఉన్న ఇద్దరు మోకాళ్లు దగ్గరికి లాక్కున్నారు. మేడం నావైపు చూసి, "సీటు ఇంత విశాలంగా దొరకాలంటే ఇదొక్కటే ఉపాయం" అన్నారు. ఫ్లాస్కు తిప్పటం ఆపలేదు. ఆ కథ హాస్టల్లో ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో లెక్కలేదు. ఆ ఖాళీ సీట్లోకి నేను జరిగి కూర్చోవచ్చునన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

ల్యాబ్‌లో తినకూడదు కాబట్టి మెట్ల కింద బల్ల మీద భోజనం చేసేవారు. గోంగూర పచ్చడి లేని రోజు ఉండేది కాదు. క్యారేజీలో రెండు చెంచాలు ఉండేవి. ఎందుకు మేడం రెండు అంటే, ఎవరన్నా వస్తే అనేవారు. కుళాయి దగ్గర క్యారేజీ కడిగేటప్పుడు ఆ రెండో చెంచాని కూడా కడిగేవారు, ఎవరూ ముట్టకపోయినా సరే.

ఇక పని దగ్గరికొస్తే ఆవిడ వేరే మనిషి. ప్లేటు మీద పేషెంటు నంబరు వేసే పద్ధతి ఒకటుంది. మూత మీద రాయకూడదు, అడుగున రాయాలి. కొత్తవాళ్లందరూ మూత మీదే రాస్తారు, కంటికెదురుగా కనపడుతుంది కాబట్టి. "మూత తిరుగుబోతుది నాన్నా. ఏ ప్లేటు మీద కూర్చోబెడితే ఆ ప్లేటు మీద కూర్చుంటుంది. అడుగు ఎటూ పోదు. రాసేది దానిమీద రాయండి" అని రోజూ చెప్పేవారు. రోజూ చెబుతున్నారు కదా అని నేను వినటం మానేశాను.

రెండో ఏడు మాకు ఆసుపత్రి ల్యాబ్‌లో పోస్టింగ్ వేశారు. మిర్చి కోతల కాలం. మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్లితే ల్యాబ్ మొత్తం తుమ్మేది. ఆ రోజు త్వరగా బయటపడాలని, వచ్చిన శాంపిళ్లన్నిటికీ గబగబా మూతల మీదే నంబర్లు గీకేశాను. మర్నాడు పొద్దున పదిహేడు, పద్దెనిమిది ప్లేట్లు పక్కపక్కన తెరిచి దీపం కింద చూశాను. ఒకదాని నిండా పెరిగింది, ఇంకోదానిలో ఏమీ లేదు. మూతలు పెట్టాను. పదిహేడులో ఏమీ లేదు, పద్దెనిమిదిలో ఉంది అని రాసి రిపోర్టులు వార్డుకి పంపేశాను.

పదకొండింటికి మేడం రిజిస్టరు చూస్తూ ఆగారు.

"పదిహేడులో నిన్న స్లైడు నేనే చూశాను. చీము కణాలు గంపలకొద్దీ ఉన్నాయి. ఇవాళ ఏమీ పెరగలేదంటున్నావు. ఏదీ ప్లేటు?"

ఇచ్చాను. ఆవిడ మూత వంక చూడనే లేదు. ప్లేటు బోర్లా తిప్పారు. అడుగు ఖాళీగా ఉంది. పద్దెనిమిది కూడా తిప్పారు. అదీ ఖాళీయే. తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు, రెండు ప్లేట్లూ పక్కన పెట్టారు.

"మూతలు మారినయ్యేమో మేడం. రిపోర్టులు తిప్పి రాసేద్దాం, అదే అయ్యుంటుంది" అన్నాను.

"అయ్యుంటుంది అని రిపోర్టులో రాస్తావా?"

"పోనీ శాంపిల్ చెడిపోయింది, మళ్లీ పంపమని చెబుదాం. ఎవరికీ తెలియదు మేడం."

"శాంపిల్ శుభ్రంగా ఉంది నాన్నా. చెప్పులేసుకో, పద" అన్నారు.

ల్యాబ్ వాళ్లు వార్డుకి వెళ్లటం అనేది అక్కడ లేదు. శాంపిళ్లు కిటికీలోంచి వస్తాయి, రిపోర్టులు కిటికీలోంచి పోతాయి. మేడం కూడా వార్డు మెట్లెక్కి ఎన్నేళ్లయిందో. రెండుచోట్ల దారి అడిగారు. డ్యూటీ డాక్టరుకి జరిగింది చెప్పి ఆ రెండు రిపోర్టులూ ఆపించారు. పద్దెనిమిదో నంబరాయన దగ్గర పని తొందరగానే అయిపోయింది. పదిహేడు ఒకావిడ, ప్రత్తిపాడు నుంచి వచ్చింది. పత్తి చేలో మోడు గుచ్చుకుని పాదం కుండలా వాచి ఉంది. మేడం మంచం పక్కన నిలబడి చెప్పారు.

"తప్పు మాదమ్మా. నీ చీము, ఇంకొకళ్ల చీము ఏది ఏదో తెలియకుండా పోయింది. మళ్లీ తియ్యాలి. నొప్పి పుడుద్ది. రెండ్రోజులు ఆలస్యం కూడా అవుద్ది."

నేను తల దించుకుని ఉన్నాను. నా పేరు ఆవిడ ఎత్తలేదు. ఆ మనిషి మేడాన్ని పైనుంచి కిందికి చూసింది, వేళ్లు కూడా చూసింది.

"నీ పేరేందమ్మా?"

మేడం ఒక్క క్షణం తడబడి, పేరు చెప్పారు.

"నా చీము చూసేది నువ్వేనా?"

"నేనే."

"మరి నన్ను చూట్టానికి ఇన్నాళ్లూ రాలేదే?"

అది నిష్ఠూరంగా కూడా అనలేదు. ఊరికే, తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. గాయంలోంచి మళ్లీ చీము తీసేంతసేపూ మేడం ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. తిరిగొస్తుంటే మెట్ల మీద ఆగి అన్నారు, "ఇరవై ఏళ్లు దాటింది నాన్నా ఈ పనిలో. నా పేరడిగిన మొదటి పేషెంటు ఈవిడే."

వారం తర్వాత ఆ పాదంలో చిటికెన వేలు తీసేశారు. నేను చేసిన రెండు రోజుల ఆలస్యం వల్లో, ఆ మనిషికున్న షుగరు వల్లో ఎవరూ చెప్పలేదు. నేను అడగబోతే మేడం ఆపారు. "అది తేలదు. మూత మీద రాయకు, చాలు" అన్నారు. ఇప్పటికీ మార్కరు చేతిలోకి తీసుకుంటే ముందు ఆ పాదం గుర్తొస్తుంది.

ఆ తర్వాతే మేడం ఒక ఫోను అలవాటు మొదలుపెట్టారు. రక్తంలో క్రిమి కనపడితే రిపోర్టు కాగితం వెళ్లేదాకా ఆగకూడదు, వెంటనే వార్డుకి ఫోన్ చేసి చెప్పాలి. అది అన్ని ల్యాబుల్లో ఉన్నదే. ఆవిడ దానికి ఒక ముక్క తగిలించారు. నంబరు చెప్పి, క్రిమి సంగతి చెప్పి, పెట్టేసే ముందు "పేషెంటు ఎలా ఉన్నారు?" అని అడిగేవారు. అవతల డాక్టర్లు ఏ మూడ్‌లో ఉంటే అలా జవాబిచ్చేవారు. ఎందుకండీ మీకు అని విసుక్కునేవాళ్లే ఎక్కువ. "ఊరికేనండీ, తెలుసుకుందామని" అనేవారు. తెలిసింది రిజిస్టరులో చివరి గడిలో చిన్న అక్షరాలతో తెలుగులో రాసేవారు. లేచి కూర్చున్నారట. గంజి తాగారట. ఇంటికి పంపించేశారు. అక్కడక్కడా, లేరు.

"మనం వాళ్ల క్రిమిని మూడు రోజులు పెంచుతాం. అది దేనికి చస్తుందో దేనికి చావదో చూస్తాం. మనిషి ఏమయ్యాడో అడక్కపోతే ఎట్లా నాన్నా?" అనేవారు.

మాతో కూడా ఆ ఫోన్ ప్రాక్టీసు చేయించేవారు. ఆవిడ ఈ బల్ల దగ్గర డాక్టరు, మేం ఆ బల్ల దగ్గర ల్యాబ్. చివరి ప్రశ్న మర్చిపోతే మళ్లీ మొదట్నుంచీ చేయించేవారు. చదువైపోయి వచ్చేసే రోజు కూడా నన్ను గేటు దగ్గర ఆపి, "ఫోన్ పెట్టేసే ముందు?" అన్నారు. చెప్పాను. "ఊఁ, పో" అన్నారు.

నేను బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పైన ఉన్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో చేరాను. మొదటి రెండేళ్లూ అడిగాను. ఒకరోజు ఒక డాక్టరు, "ఏం, మీ చుట్టాలా?" అన్నాడు. స్పీకర్లో ఉందేమో, అవతల ఇంకెవరో నవ్వారు. నాకు చెవులు కాలాయి. తర్వాత శాంపిళ్లు పెరిగాయి, టైం లేదని అనుకున్నాను. అసలు సంగతి టైం కాదు, సిగ్గు. మెల్లగా అడగటం మానేశాను. మేడం రిటైరైనప్పుడు సన్మానం చేసి గోడగడియారం ఇచ్చారని విన్నాను. వెళ్లలేదు. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే, మేడ మీద గదిలో ఉంటున్నాను, వస్తే గోంగూర అన్నం పెడతాను అన్నారు. వస్తాను మేడం అన్నాను. అలా అన్న క్రిస్మస్‌లు మూడో నాలుగో ఉంటాయి.

పోయిన శుక్రవారం సాయంత్రం మెషీన్లో ఒక రక్తం సీసా కూత పెట్టింది. అంటే అందులో ఏదో పెరుగుతోంది. మా దగ్గరికి సీసా మీద పేరు రాదు, నంబరు, ఆడో మగో, వయసు వస్తాయి. నూట ఆరు, స్త్రీ, అరవై నాలుగు. స్లైడు వేసి చూశాను. ఎర్రటి కడ్డీల్లాంటి క్రిములు, నిండా ఉన్నాయి. రంగులు వేశాక ఊదాగా కనపడితే పాజిటివ్ అంటాం, ఎర్రగా కనపడితే నెగటివ్. వెంటనే ఆ నర్సింగ్ హోంకి ఫోన్ చేశాను. సిస్టరు ఎత్తింది. నంబరు చెప్పాను, గ్రామ్ నెగటివ్ అన్నాను, డాక్టరుగారికి ఇప్పుడే చెప్పండి అన్నాను. సరేనండి అంది. పెట్టేశాను. శనివారం ప్లేటు మీద పెరిగింది, ఆదివారం ఏ మందుకి చస్తుందో తేలింది, రిపోర్టు పంపించాను. చాలా మందులకి లొంగని క్రిమి. ఇది గట్టి పిండమే అనుకుని చెయ్యి కడుక్కున్నాను.

మంగళవారం గ్రూపులో నర్సింగ్ హోం పేరు కూడా పెట్టారు. శుక్రవారం నేను ఫోన్ చేసింది అక్కడికే. కంప్యూటరులో నూట ఆరు కొట్టాను. మేడం పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా వచ్చింది. వెంట ఉన్నవారు అన్నచోట ఏమీ రాసి లేదు. పారేయాల్సిన ట్రేలో ఆ ప్లేటు ఇంకా ఉంది. బోర్లా తిప్పాను. అడుగున నా చేతిరాతతో నూట ఆరు. మూత మీద ఏమీ లేదు. ఆవిడ చెప్పినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ అడిగి ఉంటే సిస్టరు ఏదో ఒకటి చెప్పేది, ఒంటరిగా ఉంది, ఎవరూ రాలేదు, కాలేజీలో పాఠాలు చెప్పేదట అని. నాలుగు వీధులు. నడిచినా పది నిమిషాలు పట్టదు.

ఆ మధ్యాహ్నం నడిచే వెళ్లాను. గది ఖాళీ చేసి దుప్పటి మార్చేశారు. సిస్టరు నడివయసు మనిషి, టేబుల్ దగ్గర మందులు సర్దుతోంది. మీరేమవుతారు అంటే, స్టూడెంటుని అన్నాను.

"మంచావిడండీ. సెలైన్ మార్చటానికి పోతే, నన్నే తిన్నావా అని అడిగేది. చర్చి వాళ్లొకళ్లు ఒక పూట వచ్చిపోయారు, అంతే. ఎవరికన్నా ఫోన్ చెయ్యమంటారా అంటే, వద్దమ్మా, పిల్లలు పనుల్లో ఉంటారు అంది. పిల్లలు లేరని తర్వాత తెలిసింది" అంది సిస్టరు.

మందులు సర్దుతూనే మళ్లీ చెప్పింది.

"శుక్రవారం మీ ల్యాబుల వాళ్లే ఎవరో ఫోన్ చేసి రిపోర్టు చెప్పారు. డాక్టరుగారికి చెప్పి, ఆవిడకీ చెప్పాను. క్రిములు ఎర్రవా, ఊదారంగువా అంది. నాకేం దెలుసండీ, నెగటివ్ అన్నారు అన్నాను. అయితే ఎర్రవే అంది. తర్వాత, ఫోన్ చేసినవాళ్లు ఇంకేమన్నా అడిగారా అంది. ఏమడుగుతారు అన్నాను. పేషెంటు ఎలా ఉందని అడిగారా, అంది."

"మీరేమన్నారు?"

"ఏమంటానండీ. నామీదే కళ్లు పెట్టుకుని చూస్తంది. లేదనబుద్ధి కాలా. అడిగారమ్మా, ఎలా ఉన్నారని అడిగారు అన్నాను."

"ఆవిడేమన్నారు?"

"నవ్వింది. అయితే మా పిల్లలే ఎవరో, అంది. రెండ్రోజుల్నుంచీ ఏం ముట్టలేదు, ఆ పూట రెండిడ్లీ తింది."

సిస్టరు మందుల డబ్బా మూత పెట్టి నావైపు చూసింది. "మీరూ ల్యాబ్‌లోనే కదా చేసేది. ఆ ఫోన్ చేసినాయన ఎవరో మీకేమన్నా తెలుసా?"

తెలియదన్నాను.